నూరుకి తగ్గకుండా

2012 జూన్ 14, గురువారం, ఉదయం 8 గంటల 52 నిమిషాలకు నెవాడా ఎడారి మీద మా అమ్మాయి నడుపుతున్న విమానం ఇంజిన్ ఆగిపోయింది. ఒక్కరే పట్టే పందెం విమానం అది. నేలకు వంద అడుగుల ఎత్తున స్తంభాల చుట్టూ తిరిగే పందేలకు శిక్షణలో అది రెండో రోజు. నేను కింద మడత కుర్చీలో స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చున్నాను. పక్కన రేడియో ఉంది. వినడానికే తప్ప అందులో మాట్లాడడానికి నాకు అనుమతి లేదు.

స్టాప్‌వాచ్ సంగతి చెప్పాలి. అంతకు ముందు చలికాలం మా ఊరు బాతెల్‌లో, ఇంటి గ్యారేజీలో అమ్మాయీ అల్లుడూ కలిసి వేగం కోసం రెక్కల కొసలు రెండేసి అడుగులు కోసేశారు. పాత మాన్యువల్ మాత్రం సీటు వెనక సంచిలో అలాగే ఉంచారు. ఇంజిన్ ఆగితే గంటకు ఎనభై ఎనిమిది మైళ్ల వేగంతో దిగమని అందులో ఉంది. అది పొడుగు రెక్కల లెక్క. ముప్పై ఒక్క ఏళ్లు ఇంజనీరుగా పనిచేసిన నేను దాన్ని ఒప్పుకోలేదు. బాగా ఎత్తుకు వెళ్లి, వేగం తగ్గిస్తూ, ఎక్కడ రెక్క విమానాన్ని మోయడం మానేస్తుందో చూసి రమ్మన్నాను. పొడుగు రెక్కలకు ఆ వేగం అరవై ఎనిమిది. ఇప్పుడు డెబ్భై ఐదు. మాన్యువల్ లెక్కలాగే దానికి మూడు పదోవంతులు కలిపితే తొంభై ఏడున్నర. నూరు చేశాను.

“గా రెండున్నర దేనికత్తమ్మా?” అన్నాడు అల్లుడు. కరీంనగర్ అబ్బాయి.

“నా భయానికి,” అన్నాను.

మాన్యువల్ తీసేసి, వేగం చూపే ముల్లు పక్కన ‘నూరు’ అని రాసి అంటించాను. పదకొండు ఆదివారాలు ఇంజిన్ తగ్గించి, ఉన్న వేగంతోనే పైకి లేచి, రన్‌వే మీద దిగడం సాధన చేయించాను. పైకి లేచిన క్షణం నుంచి చక్రం నేలను తాకేదాకా సగటున యాభై ఎనిమిది సెకన్లు.

ఆ గురువారం రేడియోలో ‘మేడే’ అని ఆపద పిలుపు దాని గొంతులో వినగానే స్టాప్‌వాచ్ మీట నొక్కాను. అమ్మాయి ఉన్న వేగమంతా ఖర్చుపెట్టి వెయ్యి అడుగులు లేచి, రన్‌వే వైపు తిరిగింది. నలభయ్యో సెకనుకు రన్‌వే ఇంకా దూరంగానే ఉంది, విమానం మరీ కిందికి వచ్చేసింది. అల్లుడు నా కుర్చీ వీపు పట్టుకుని, “లేపు, జర లేపు,” అని గొణుగుతున్నాడు. ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కాని ముక్కు లేపితే వేగం పడిపోతుంది. కోసిన రెక్క ముందుగా చెప్పకుండా ఒక పక్కకి ఒరిగిపోతుంది. రన్‌వే అందుకోవాలని అలా లేపి పోయినవాళ్లున్నారు.

“లేపకు తల్లీ,” అన్నాను, వినపడదని తెలిసీ.

లేపలేదు. అరవై ఒకటో సెకనుకు చక్రాలు ఆనాయి. రన్‌వే మొదలైన చోటు దాటి నలభై అడుగుల్లోనే. అల్లుడు తర్వాత కొలిచి వచ్చాడు.

ముఖమంతా ఇంజిన్ నూనెతో దిగింది అమ్మాయి. ముందద్దం నూనెతో మూసుకుపోతే పక్కకు తొంగి చూస్తూ దించిందట.

“ఎన్ని సెకన్లమ్మా?”

“అరవై ఒకటి. మూడు ఎక్కువ.”

“ఈసారి ఇంజిన్ నిజంగానే పోయింది కదా, కొంచెం కన్సెషన్ ఇవ్వు.”

శిక్షకుడి కాగితంలో చివరి పరీక్ష అత్యవసరంగా దిగడం. శనివారం జరగాల్సింది. ఆయన ఆ రెక్క మీదే కాగితం పెట్టి, ఆ గడిలో టిక్కు కొట్టి సంతకం చేశాడు. మా అమ్మాయికి పందెం లైసెన్సు రెండు రోజులు ముందే వచ్చింది.

పోయినవి: ఇంజిన్ ఒకటి, ఎడమ టైరు ఒకటి, నూనె ఆరు క్వార్టులు, అల్లుడి పట్టుకు చిరిగిన నా కుర్చీ వీపు గుడ్డ.