అత్తమ్మ సంతకం

నాచారంలో మా పెంకుటిల్లు ముత్తాత కట్టించింది. తాతయ్య పోయాక ముందు వైపు పెదనాన్న, వెనక వైపు అమ్మానాన్నలతో అన్న, నేను ఉండేవాళ్లం. ఒక బిల్డర్ వచ్చి, దాన్ని పడగొట్టి అపార్ట్‌మెంట్ కడతానని ఆశపెట్టాడు. అప్పటి నుంచి నాన్నకూ పెదనాన్నకూ మాటలు ఆగిపోయాయి. గొడవంతా రోడ్డు వైపు ఫ్లాటు గురించే. పెద్దవాణ్ని కాబట్టి నాదని ఒకరు, నాయనను చివరిదాకా చూసింది నేనని ఒకరు. పొద్దున ఒకే కుళాయి దగ్గర బిందెలు పెట్టి, ఇద్దరూ ఆకాశంలోకి చూస్తూ నిలబడేవాళ్లు.

"ఆడపిల్లలున్నరా?" అని బిల్డర్ అడిగాడు.

"ఒక చెల్లె ఉంది, ఉప్పల్ల. దాందేముంది, సంతకం పెడ్తది," అన్నాడు పెదనాన్న. ఆ ఒక్క మాటకు నాన్న కూడా తలూపాడు.

ఆ చెల్లె మా అత్తమ్మ. నాన్నకు అక్క. మామయ్య పోయాక ఉప్పల్ మార్కెట్ వెనక రెండు గదుల్లో అద్దెకుండేది. ఆమె నోట్లో నాలుక లేని మనిషని ఇంట్లో అందరి నమ్మకం. నాకు మాత్రం ఎప్పుడూ అనుమానమే. పక్కింటి గోడెక్కి జామకాయలు కోయడం నాకు నేర్పింది ఆవిడే.

హక్కు వదులుకున్నట్టు పత్రం రాయించి, పట్టుచీర కొని, మాటల్లేని అన్నదమ్ములిద్దరూ ఒకే ఆటోలో బయల్దేరారు. ఒక్కడే వెళ్తే ఆమె వాటా తన పేరునే రాయించుకుంటాడేమోనని రెండోవాడి భయం.

అత్తమ్మ చీర తీసుకుని అంచు మెచ్చుకుంది. తలకాయకూర వండి పెట్టింది. తీరా కాగితం ముందుకు జరిపితే, "అయ్యో, కండ్లద్దాలు పగిలినయ్. సదవకుంట ఎట్ల పెడ్త?" అంది.

"సదివేదేముందే? మేం సదివినం గద!" అన్నాడు పెదనాన్న.

"సదివినోళ్లే పెట్టున్రి మరి."

రెండోసారి మామిడిపళ్లు పట్టుకుని వెళ్తే ఆమె కుడిచేతికి కట్టు ఉంది. బాత్రూంలో జారిపడ్డానంది. ఆ సాయంత్రం నేను పరామర్శకు వెళ్లేసరికి అదే చేత్తో రోట్లో పచ్చడి నూరుతోంది.

"నొప్పి లేదా అత్తమ్మా?"

"సంతకానికే నొప్పి బిడ్డా. పచ్చడికి లేదు."

ఇద్దరం పడీపడీ నవ్వాం. నవ్వాగాక ఆవిడ మెల్లగా అడిగింది. "నిజంగ నాకేమన్న వస్తదా? పెండ్లయినంక ఆడపిల్లకు ఏముండదంటరు గద."

నేను మందుల కంపెనీ ల్యాబులో పనిచేసేదాన్ని, ఈ చట్టాలు నాకేం తెలుసు? శనివారం పంటి డాక్టరు దగ్గరికని ఇంట్లో చెప్పి, అత్తమ్మను స్కూటీ మీద ఎక్కించుకుని మెట్రో స్టేషన్ దగ్గరున్న ఒక లాయరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

లాయరమ్మ అన్నీ ఓపిగ్గా అడిగి తెలుసుకుంది. "ఇది తాతల నుంచి వచ్చిన ఆస్తి. పంపకాలు కాలేదు, వీలునామా లేదు. కొడుకులకు ఎట్లనో మీకూ పుట్టుకతోనే హక్కుందమ్మా. పెళ్లయిందనో, నాయన పోయాడనో అది పోదు. ముగ్గురికీ సమానం. మీ అంతట మీరు వదులుకుంటే తప్ప," అంది.

బయటికొచ్చాక అత్తమ్మ స్కూటీ ఎక్కకుండా అలాగే నిలబడిపోయింది.

"వెనక గోడ గట్టేటప్పుడు బాయిల నీళ్లు తోడి దినాం తడిపింది నేనే. వాళ్లిద్దరు బడికి పోయిన్రు. నన్ను గోడ కాడ ఉంచిన్రు," అంది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. అంతలోనే, "నడువ్, మిర్చిబజ్జీలు తిందాం. పన్ను గుంజుతుంది," అంది.

ఇంటికొస్తే నాన్న పాపం, "అక్క పన్నెట్లుందే?" అని లవంగనూనె సీసా చేతికిచ్చాడు. నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయాను.

మూడోసారి వాళ్లు వెళ్లినప్పుడు అత్తమ్మ అమావాస్య అంది. వస్తూ పోతూ ఆమెను తిట్టుకోవడానికైనా అన్నదమ్ములు మాట్లాడుకోక తప్పింది కాదు.

ఆ తర్వాతి ఆదివారం తనే ఆ పట్టుచీర కట్టుకుని నాచారం వచ్చింది. అరుగు మీద ఇద్దరి మధ్యా కూర్చుని, "నాకు గూడ వాటా గావాలె," అంది.

పెదనాన్న లేచి నిలబడ్డాడు. "గివన్ని నీకెవరు జెప్పిన్రే?"

"పన్ను డాక్టరు."

నాన్న నా వైపు తిరిగాడు. నేను బుద్ధిగా నేల చూశాను.

"పుట్టింటోళ్ల మీద కోర్టుకు పోతవా?" పెదనాన్న గొంతు పెరిగింది.

"కోర్టెందుకన్నా? మీరు కొట్లాడుతున్న ఆ రోడ్డు దిక్కు ఫ్లాటు నాకియ్యిన్రి. మీ పంచాయితీ గూడ ఒడుస్తది."

నాన్న మొహంలో లెక్క నాకు స్పష్టంగా కనబడింది. తనకు రాకపోతే పోయె, అన్నకు మాత్రం పోకూడదు.

"అక్కకైతే నాకు ఇష్టమే," అన్నాడు.

పెదనాన్న మూతి ముడుచుకున్నాడు. "వానికి బోయేకన్న నీకు బోవుడే నయం," అన్నాడు.

అలా మూడు వాటాలూ రిజిస్టరయ్యాయి. అపార్ట్‌మెంట్ లేచింది. అత్తమ్మ ఇప్పుడు రోడ్డు వైపు బాల్కనీలో కూర్చుని కూరగాయల బండివాళ్లతో బేరాలాడుతుంది.

నాన్న నాతో కొన్నాళ్లు ముభావంగా ఉన్నాడు. ఒకరోజు టీ తాగుతూ ఉన్నట్టుండి అడిగాడు.

"గట్లయితే మన ఇంట్ల నీకు గూడ హక్కున్నట్టేనా?"

"ఉంది నాన్నా."

"మీ అన్నకు ఎర్కేనా?"

"తెల్వదు. నువ్వే జెప్పు."

"నాకేం పని?" అన్నాడు నాన్న, కప్పు కింద పెట్టి నవ్వుతూ. "వాన్నే తెల్సుకోనియ్."