శీలం, సుఖం, చెప్పని సారీ

నేను కెనడా వెళ్ళిన ఏడాది మా క్లాసులో సగానికి పైగా మన దేశం వాళ్ళే. ఒంటారియోలోని లండన్‌లో ఒక కాలేజీ. బస్సులో కూర్చున్నా, ఫోన్ తెరిచినా ఒకటే మాట: ఈ స్టూడెంట్లు చదవడానికి రాలేదు, సెటిలవడానికి వచ్చారు. నేను చదవడానికే వెళ్ళాను. ఆ సంగతి పదే పదే రుజువు చేసుకోవాల్సి రావడం నాకు ఒళ్ళు మంట.

మా కోర్సుతో సంబంధం లేని సబ్జెక్టు ఒకటి తీసుకోవాలన్నారు. నేను ప్రాచీన గ్రీకుల నీతిశాస్త్రం ఎంచుకున్నాను. నా రూమ్మేట్ కరీంనగర్ అమ్మాయి, నాకంటే చిన్నది. వినగానే నవ్వింది.

"గ్రీకులు మనకేం జాబ్ ఇప్పిస్తరక్కా? ఈజీ ఉన్నది తీస్కోరాదు."

పాఠం చెప్పే ప్రొఫెసర్ నెమ్మదస్తుడు. మొదటి రోజే ఒక ప్రశ్న వేశారు. "మంచివాడు సుఖంగా ఉంటాడా?" గ్రీకులు సుఖమన్నది మనసుకు కలిగే హాయిని కాదట, మనిషి బతుకు మొత్తం బాగా సాగడాన్నట. అందులో కొందరు, గుణం ఒక్కటుంటే చాలు, చిత్రహింస పెట్టినా మంచివాడు సుఖంగానే ఉన్నట్టు లెక్క అన్నారు. ఇంకొందరు, గుణం ముఖ్యమే గాని ఆరోగ్యం, స్నేహితులు, కాస్త అదృష్టం కూడా ఉండాలి అన్నారు. ఆ రెండోవాళ్ళే, చేతులతో కష్టం చేసేవాళ్ళకు గుణం అలవరచుకునే తీరిక ఉండదని కూడా అన్నారు. అక్కడ నాకు మండింది.

అప్పటికి శని, ఆదివారాలు నేను బ్రెడ్డు ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేస్తున్నాను. నా పక్కన ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నిలబడేది. ఒకనాడు ఆవిడ మణికట్టు వాచిపోయి బెల్టు వేగానికి చెయ్యి ఆడలేదు. ఆవిడ ముందుకొచ్చే రొట్టెలు కూడా సగం నేనే అందుకుని సర్దాను. ఎవరూ అడగలేదు, ఎవరూ చూడలేదు. భుజాలు పీకేస్తున్నా ఆ పూట నా బతుకు బాగా సాగుతున్నట్టే అనిపించింది. ఆ సబ్జెక్టుకు ఇవ్వాల్సిన వ్యాసంలో అదే రాశాను. గుణానికి తీరిక అక్కర్లేదనీ, బెల్టు తిరుగుతుండగానే అది అలవడుతుందనీ వాదించాను.

వ్యాసం ఇచ్చిన తర్వాతి వారం ప్రొఫెసర్ తన గదికి పిలిచారు.

"ఇది నువ్వు రాసిందేనా?"

"నేనే సర్."

"క్లాసులో నువ్వు ఎప్పుడూ నోరు విప్పలేదు. ఈ ఇంగ్లీషు చూస్తే ఏదో ఏఐ సాఫ్ట్‌వేర్‌తో రాయించినట్టుంది. ఒప్పుకుంటే మళ్ళీ రాయనిస్తాను. లేదంటే కాపీ కేసులు చూసే కమిటీకి పంపాలి. రేపటిదాకా ఆలోచించుకో."

తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. దయ చూపిస్తున్నానని ఆయన మనస్ఫూర్తిగా అనుకుంటున్నారు. నాకు మాట్లాడేటప్పుడు ఇంగ్లీషు తడబడుతుంది, రాసేటప్పుడు తడబడదు. ఆ చిన్న తేడా ఆయనకు తట్టనే లేదు.

ఇంటికొచ్చి చెబితే రూమ్మేట్ భయపడింది. "సారీ అని ఒక ఈమెయిల్ కొట్టెయ్ అక్కా, పనైపోతది. కమిటీ గిమిటీ అంటే స్టడీ పర్మిట్‌కే ఎసరొస్తది."

"చెయ్యని పనికి సారీ ఎందుకు చెప్పాలే?"

"మనసులో అనుకోకు. ఉత్తగ టైప్ చెయ్యి."

"ఉత్తగా కూడా చెప్పను."

భయం లేదని కాదు. కానీ మర్నాడు పొద్దున్నే ఆయన గదికి వెళ్ళి, కూర్చోమనకముందే కూర్చున్నాను.

"నేను ఒప్పుకోవడం లేదు సర్. వ్యాసంలో మీకు ఏది నాది కాదనిపించిందో అది ఇప్పుడే అడగండి. నా ఇంగ్లీషులో తప్పులు వస్తాయి. రానివ్వండి."

ఆయన కాగితాలు తీశారు. గుణం అంటే నీ ఉద్దేశంలో ఏమిటి అని అడిగారు. వ్యాసంలో రాయడానికి మొహమాటపడి వదిలేసిన మాట అప్పుడు చెప్పాను. గుణానికి మీరు వాడే ‘వర్చ్యూ’ అన్న ఇంగ్లీషు మాటకు డిక్షనరీలో తెలుగులో శీలం అని ఉంటుంది. మా వైపు శీలం అంటే ఎక్కువగా ఆడపిల్ల గురించే మాట్లాడతారు. ఆమె ఎక్కడికి వెళ్ళలేదు, ఎవరితో మాట్లాడలేదు, ఏమేం చెయ్యలేదు అన్నదే దానికి కొలత. మీ గ్రీకుల దగ్గర కత్తికి పదును ఎలాగో మనిషికి గుణం అలాగ, ఏ పని బాగా చేయగలమన్నదే కొలత. నేను ఆ కొలత తీసుకున్నాను సర్, తీరిక గురించి వాళ్ళన్నది మాత్రం తీసుకోలేదు.

తడబడ్డాను. మధ్యలో రెండు తెలుగు మాటలు కూడా దొర్లాయి. ఆయన ఆపకుండా విన్నారు. చివర్న ఇంకొక్కటే అడిగారు. "కమిటీ నిన్ను ఇంటికి పంపేసిందనుకో. అప్పుడూ సుఖంగా ఉన్నట్టేనా?"

"లేదు సర్, ఏడుస్తాను. గుణం ఒక్కటే చాలన్నవాళ్ళతో నేను ఏకీభవించను. కానీ నిన్న సారీ చెప్పి ఇక్కడే ఉండిపోతే, ఆ ఉన్నది నేను కాదు."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "కమిటీకి పంపను. అనుమానించే ముందే వ్యాసం గురించి నిన్ను ఇలా అడిగి ఉండాల్సింది."

పర్లేదు సర్ అనడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. నోటిదాకా వచ్చింది. మింగేసి, "అవును సర్, అడిగి ఉండాల్సింది" అన్నాను.

మార్కులు గొప్పగా ఏమీ రాలేదు. తీరిక విషయంలో నా వాదన నిలబడదని మార్జిన్ నిండా రాశారు. అది నాకు కష్టమనిపించలేదు, ఆయన వాదిస్తున్నది నాతోనే కదా. ఆ మార్జిన్‌కు జవాబుగా మరుసటి క్లాసులో చెయ్యెత్తి, తప్పుల ఇంగ్లీషులోనే, గంట అయిపోయేదాకా వాదించాను.

రూమ్మేట్ మార్కులు చూసి మూతి విరిచింది. "ఇంత లొల్లి చేసింది దీనికోసమా అక్కా?"

"దీనికోసమే" అన్నాను.