మా అత్త కారు అసలు రంగు

ఛత్తీస్‌గఢ్ ఏర్పడి రాయపూర్ రాజధాని అయిన కొత్తలో ఊరు ఊరంతా రంగులు వేసుకుంటూ ఉండేది. ఆఫీసులకి, ప్రహరీ గోడలకి, రోడ్డు మధ్య దిమ్మెలకి, ఆఖరికి చెట్ల మొదళ్ళకి కూడా. ఆ రోజుల్లో నాకు ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. అయినా రంగుల విషయంలో నాకు తెలియనిది లేదని గట్టి నమ్మకం. శంకర్ నగర్‌లో కార్ల రంగులు కలిపే దుకాణంలో అప్పుడే ఉద్యోగం దొరికింది మరి. అక్కడ ఒక మిషను ఉండేది. కంపెనీవాళ్ళు ఇచ్చిన కోడ్ కొడితే ఏ డబ్బాలోంచి ఎంత పొయ్యాలో అదే చెప్పేది. నేను చేసేదల్లా డబ్బా మూత తియ్యడం, మళ్ళీ పెట్టడం. ఆమాత్రానికే కాలనీలోవాళ్ళు నన్ను 'రంగుల డాక్టరు' అనేవాళ్ళు. (అది వెటకారమని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పట్లో మాత్రం కాలరు ఎగరేసుకుని తిరిగాను.)

మా నాన్న తిల్దాలో ఒక రైస్ మిల్లులో గుమస్తా. ఉద్యోగం కోసం రాయపూర్ వచ్చిన నేను రైల్వే కాలనీలో మా మేనత్త వాళ్ళ క్వార్టర్లో ఉండేవాణ్ణి. మావయ్య రైల్వేలో గార్డు. శ్రీకాకుళం వైపునుంచి పెళ్ళైన కొత్తలో వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక పాత అంబాసిడర్ కారు. తిల్దా మిల్లు యజమాని కొత్త కారు కొనుక్కున్నప్పుడు దాన్ని మావయ్యకి అమ్మాడు. కొన్నది మావయ్యే గానీ నడిపేది అత్త. మిల్లు డ్రైవరు దగ్గర నేర్చుకుని, తెల్లవారకముందే అభన్‌పూర్ రోడ్డు మీద చీరకొంగు బిగించి నడిపేదట. మావయ్య నేర్చుకోనే లేదు. "నేను బండికి చివర కూర్చునేవాణ్ణి. ముందు కూర్చుంటే నాకు కళ్ళు తిరుగుతాయి" అని ఎప్పుడూ వెనక సీట్లోనే కూర్చునేవాడు. యూనిఫాంలో ఆయన వెనక, అత్త ముందు. కొత్తగా బదిలీ అయి వచ్చినవాళ్ళు ఆయన్ని పెద్ద ఆఫీసరనుకుని నమస్కారాలు పెట్టేవాళ్ళు. ఆయన తిరిగి పెట్టేవాడు కూడా. అత్తకి మాత్రం అద్దంలోంచి చూస్తూ నవ్వాపుకోవడం కష్టమయ్యేది.

నేను వాళ్ళింటికి చేరేసరికి ఆ నవ్వు తగ్గిపోయింది. అత్తకి నీటికాసులు వచ్చాయి. కంటి నరం కొద్దికొద్దిగా ఎండిపోతోందనీ, పోయిన చూపు ఇక రాదనీ, చుక్కల మందుతో ఉన్నదాన్ని ఎంతకాలం నిలబెట్టుకోగలిగితే అంత మంచిదనీ డాక్టరు చెప్పాడు. పక్కలు కనిపించడం మానేశాయి. ఎదురుగా ఉన్నది మాత్రం గొట్టంలోంచి చూసినట్టు కనిపించేది. ఆ రోజు ఆస్పత్రి నుంచి వచ్చి అత్త కారు తాళాలు మేకుకి తగిలించింది. మళ్ళీ ముట్టుకోలేదు. ఎక్కడికైనా వెళ్ళాల్సొస్తే నేనే నడిపేవాణ్ణి. ఇంట్లో మేమిద్దరం చాలా జాగ్రత్తపరులమైపోయాం. కత్తిపీట పై అలమరలో పెట్టేశాం. మంచినీళ్ళు అడక్కముందే చేతికిచ్చేవాళ్ళం. టీవీలో ఎవరొచ్చారో, ఏ చీర కట్టుకున్నారో మావయ్య పక్కనుంచి చెబుతూ ఉండేవాడు. అత్త ఏమీ అనేది కాదు. మేం బాగా చూసుకుంటున్నాం గనకే అనడం లేదని అనుకునేవాళ్ళం.

ఒక సాయంత్రం వరండాలో బియ్యం ఏరుతూ (ఆ పని కూడా మానిపించాలని మావయ్య చూస్తున్నాడు) అత్త ఉన్నట్టుండి అంది: "కొన్నప్పుడు మన కారు ఏం రంగులో ఉండీదో! కళ్ళుండగా ఒక్కసారి చూడాలనుంది." మాతో అన్నట్టు లేదు. చేటతో అన్నట్టుంది. అప్పటికి ఆ కారుకి పైన తెలుపు, ఆ తెలుపు కింద ఎప్పుడో వేసిన నీలం. మావయ్య ఆ మాట వినీ విననట్టు లోపలికి వెళ్ళిపోయాడు. మర్నాడు డ్యూటీ దిగి, ఇంటికి కూడా వెళ్ళకుండా, జెండాల పెట్టెతో సహా మా దుకాణానికొచ్చి కౌంటరు ముందు నిలబడ్డాడు. "ఒరే, మీ అత్తకి ఆ రంగు చూపించాలి. ఆలస్యం కాకూడదు" అన్నాడు. నేను కౌంటరు మీద చెయ్యి వేసి, డాక్టరు పేషెంటు తాలూకు మనుషులకి ధైర్యం చెప్పినట్టు, "నాకు వదిలేయ్ మావయ్యా, పక్కా" అన్నాను. అత్తకి చెప్పకుండా చేద్దామనీ, చూసి సంతోషిస్తుందనీ కూడా నేనే అన్నాను.

తీరా చూస్తే అంత పాత కారుకి మా మిషను దగ్గర కోడే లేదు. బండి కాగితాల్లో 'గ్రీన్' అని ఉంది. అంతే. ప్రపంచంలో ఎన్ని ఆకులున్నాయో అన్ని ఆకుపచ్చలున్నాయి. కాబట్టి పాత పెయింటు ఎక్కడైనా మిగిలి ఉంటే వెతికి, దాన్ని చూసి కంటితో కలపాలి. గేరు రిపేరని అత్తకి చెప్పి (నిన్నటిదాకా బాగానే ఉంది కదా అంది అత్త, నిన్ననే పాడైందన్నాడు మావయ్య) కారుని ఊరి బయట చాచా షెడ్డుకి చేర్చాం. చాచా పెయింటరు. ఎండలో మంచం వేసుకుని పడుకుని ఉన్నాడు. అసలు రంగు గురించి, అత్త కళ్ళ గురించి మావయ్య చెప్పిందంతా పడుకునే విని, "ఆప్ రంగ్ దో, హమ్ మార్ దేంగే" అని అటు తిరిగాడు. మీరు రంగివ్వండి, నేను కొట్టేస్తాను అని. రంగు గురించి అతనికి అంతకు మించి పట్టింపు లేదు.

కారు వెనక కుడి చక్రం మీది రెక్క దగ్గర తెలుపు పొక్కుల్లా లేచి ఉంది. (మిగతా కారంతా గట్టిగా అంటుకుని ఉన్న రంగు అక్కడే ఎందుకు లేచిందని నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.) గోటితో గీకితే తెలుపు కింద నీలం, నీలం కింద ఆకుపచ్చ! చేతి వెడల్పున బయటపడింది. మెరుపు తెచ్చే కాంపౌండ్ పెట్టి గుడ్డతో మెల్లగా రుద్దితే నిగనిగలాడింది. మావయ్య వంగి చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. "ఇదే! ఇదేరా! ఈ రంగుని నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. రోజూ చూసినట్టే ఉంది" అని అక్కడే ఇటుకల మీద కూలబడి కళ్ళు ఒత్తుకున్నాడు. నాకూ అలాగే అనిపించింది. చిన్నప్పటి సెలవుల్లో ఆ కారెక్కి తిరిగిన జ్ఞాపకమేదో నాలోనూ ఉండిపోయిందనుకున్నాను.

అప్పటినుంచి దుకాణంలో ఖాళీ దొరికినప్పుడల్లా అదే పని. పచ్చలో కొంచెం నలుపు, కొంచెం పసుపు, ఒక చుక్క తెలుపు. అట్టముక్క మీద పుయ్యడం, ఆరేదాకా ఆగడం (తడిలో కలిసిన రంగు ఆరాక కలవదు, ఆ మాట వచ్చినవాళ్ళందరికీ పాఠంలా చెప్పేవాణ్ణి), ఎండలో ఒకసారి, ట్యూబ్‌లైటు కింద ఒకసారి పట్టుకు చూడడం. ఎండలో సరిపోయింది లైటు కింద వేరయ్యేది. లైటు కింద కలిసింది ఎండలో మొహం చాటేసేది. ఇంటికొచ్చి తలుపు చప్పుడు కాకుండా తోసుకుని లోపలికెళ్ళి, వేళ్ళకంటిన పచ్చరంగుని అత్త చూడకుండా కిరసనాయిలుతో తుడుచుకునేవాణ్ణి. అత్త చూపు ఈలోగా ఇంకాస్త తగ్గుతుందేమోనని మావయ్యకి బెంగ. "అయిందా? కలిసిందా?" అని రోజూ అడిగేవాడు. ఒక మధ్యాహ్నం అట్టముక్కని కారు రెక్క మీద పెడితే ఎక్కడ అట్టో, ఎక్కడ కారో తెలియలేదు. నా జీవితంలో అంత కచ్చితంగా ఆ తరవాత ఏ రంగూ కలపలేదు. చాచా లేచి, అన్నమాట ప్రకారం, కొట్టేశాడు.

ఆ ఉదయం నేనే నడుపుకుంటూ తీసుకొచ్చాను. మావయ్య ఇస్త్రీ చేసిన చొక్కాతో వెనక సీట్లో, ఒళ్ళో స్వీట్ల పెట్టె. క్వార్టరు ముందు ఆపి హారను కొట్టాను. అత్త తలుపు తీసింది. తెరుచుకున్న తలుపు రెక్క బయటికి వచ్చి సరిగ్గా కారు పక్కన నిలబడింది. నేను కారుని చూశాను. తలుపుని చూశాను. కిటికీ రెక్కల్ని చూశాను. వరసగా ఉన్న క్వార్టర్లన్నిటి తలుపుల్నీ చూశాను. ఎదురింటి ఛత్తీస్‌గఢీ దీదీ చేతిలో చీపురు అలాగే పట్టుకుని, "ఏ దాఈ! రైల్వే హ గాడీ లా ఘలో పోత్ దిస్ కా?" అని అరిచింది. రైల్వేవాళ్ళు కారుకి కూడా వేసేశారా అని ఆవిడ అనుమానం. అనుమానం కాదు, అక్షరాలా అదే జరిగింది. రైల్వేవాళ్ళు క్వార్టర్లకి వేసే తలుపు పచ్చ, ఒక్క చుక్క తేడా లేకుండా, మా కారు మీద మెరిసిపోతోంది.

అత్త గుమ్మంలో నిలబడి తల కొంచెం కొంచెం తిప్పుకుంటూ, మిగిలిన ఆ చిన్న చూపుతో కారుని ముందునుంచి వెనకదాకా చూసింది. తరవాత చేత్తో ఇంటి తలుపు తడిమింది. "ఏట్రా ఇది? మన తలుపు రంగు కదేటిరా!" అని నవ్వడం మొదలుపెట్టింది. గోడకి ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని, ఒకటే నవ్వు. "డ్రైవింగు నేర్చుకున్నప్పుడు నేను రివర్సులో గేటుకి గుద్దీసేను కదా, మర్చిపోనావా? తలుపులకి వెయ్యగా మిగిలిన డబ్బా తెచ్చి ఆ సొట్ట మీద పూసింది నువ్వే కదేటి!" అంది మావయ్యతో. మావయ్య స్వీట్ల పెట్టె పట్టుకుని కారులోంచి దిగలేకపోయాడు. ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది. మొహం చూస్తే తెలిసిపోయింది.

నేను ఏదో ఒకటి చెప్పాలి గనక మొత్తం కథ చెప్పాను. బియ్యం ఏరుతూ అన్న మాట దగ్గర్నుంచి. వింటున్నకొద్దీ అత్త నవ్వు ఆగిపోయింది. మెట్టు మీద కూర్చుంది.

"నన్నడగొచ్చు కదరా" అంది.

"నీకు తెలియకుండా చేద్దామని..." అన్నాడు మావయ్య.

"అది కాదు. డాక్టరు దగ్గర్నించి వచ్చిన కాణ్ణించీ ఈ ఇంట్లో ఎవరూ నన్ను ఏదీ అడగటం లేదు. ఉప్పు సరిపోయిందా అని అడగరు. ఏ కూర తెమ్మంటావని అడగరు. అన్నీ మీరే తెచ్చి చేతిలో పెడతన్నారు. కళ్ళు పోతన్నాయి గానీ నోరు పోలేదు, బుర్ర పోలేదు. ఆ కారు తోలింది నేను. దాని రంగేటో నన్ను కాక మిమ్మల్ని మీరు అడుక్కున్నారు." కోపంగా అనలేదు. అలా అనకపోవడం వల్లే ఇద్దరం తలెత్తలేకపోయాం.

చివరికి మావయ్యే దిగొచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. "సరే, ఇప్పుడు అడుగుతున్నాను. అసలు రంగు ఎక్కడైనా మిగిలుంటుందా?" అన్నాడు. అత్త వెంటనే లేచింది. "స్క్రూడ్రైవరు తే" అంది నాతో. డ్రైవరు వైపు తలుపుకి లోపల ఉండే రెగ్జిన్ అట్ట ఊడదీయమంది. ఒకప్పుడు అద్దం సందులోంచి ఆవిడ ఉంగరం లోపలికి జారిపోతే మిల్లు డ్రైవరు ఆ అట్ట ఊడదీసి తీశాడట. అట్ట వెనక ఎండ తగలని రేకు. దాని మీద ఏ పెయింటరు చెయ్యీ పడలేదు. నేను ఊడదీసేసరికి లోపల దుమ్ము, ఆ దుమ్ము కింద రంగు. అత్త కొంగుతో తుడిచి, మొహం దగ్గరగా పెట్టి చూసింది. అటు ఒకసారి, ఇటు ఒకసారి తల తిప్పి, చూపులో పట్టినంత మేర చూసింది.

నిజం చెప్పాలంటే నాకది గొప్ప రంగులా కనిపించలేదు. నానబెట్టిన పెసరపప్పు పొట్టు కడిగిన నీళ్ళ రంగు. మా దుకాణంలో అట్టముక్కల మధ్య పెడితే ఎవరూ చెయ్యి కూడా పెట్టరు. కానీ అత్త చాలాసేపు అలాగే వంగి ఉండిపోయింది. "ఇదే" అంది. కాసేపయ్యాక మళ్ళీ, "ఇదేరా" అంది. ఏడవలేదు. మావయ్య ఏడిచాడు.

కారంతా మళ్ళీ ఆ రంగులో వేయిస్తానని నేను ఎగిరాను. అత్త ఒప్పుకోలేదు. "చూడాలనుకున్నాను, చూసీసేను. బస్, చాలు. ఆ అట్ట మాత్రం మళ్ళీ బిగించకు" అంది. అందుకని ఆ కారు అలా తలుపు రంగులోనే కాలనీ అంతటికీ వేళాకోళమై మిగిలింది. రోజూ పొద్దున్న కాఫీ తాగాక అత్త వెళ్ళి, కారు తలుపు తెరిచి, లోపలి రేకు కాసేపు చూసి వచ్చేది. చూపు పూర్తిగా పోయేదాకా అలాగే చేసింది. మావయ్య అప్పటినుంచి అన్నీ అడగడం మొదలుపెట్టాడు. చొక్కా ఏ రంగుది వేసుకోమంటావని కూడా అడిగేవాడు.

ఇప్పుడు నాకు సొంత దుకాణం ఉంది. వాళ్ళ నాన్న స్కూటరుకో, తాతగారి జీపుకో మళ్ళీ అసలు రంగు వేయిద్దామని ఎవరైనా వస్తే, వాళ్ళు గీకి తెచ్చిన ముక్క నేను ముందు చూడను. "ఈ బండి ఎవరు నడిపేవారు? వాళ్ళున్నారా? ఉంటే తీసుకురండి" అంటాను. "ఆయనకి ఇప్పుడు సరిగ్గా కనిపించదండీ, గుర్తూ లేదండీ" అంటారు. అయినా సరే తీసుకురమ్మంటాను. తీసుకొస్తే వెలుతురు పడేచోట కుర్చీ వేస్తాను. ఆదివారాలు అత్త దగ్గరికి వెళ్ళినప్పుడు, కుదరని రంగేదైనా ఉంటే ఎలా ఉందో మాటల్లో చెప్పి, ఏం తగ్గించమంటావు అత్తా అని అడుగుతాను. ఆవిడ కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించి, పసుపు తగ్గించమంటుంది. ఏదైనా సరే పసుపే తగ్గించమంటుంది. కౌంటరు మీద చెయ్యేసి ధైర్యం చెప్పిన ఆనాటి రంగుల డాక్టరు వినుంటే, కోడ్ ఏమిటి అని అడిగేవాడు. వాణ్ణి తలుచుకుని నవ్వుకుంటూ, నేను పసుపు తగ్గిస్తాను.