ఉరుకుందు స్నానానికి దిగలేదు

గోవాలో ఆ సాయంత్రం మేము పోగొట్టుకున్నవి ఇవి. ముప్పై మీటర్ల తాడు ఒకటి. వాకీటాకీ ఒకటి, ఉప్పునీళ్లు చేరి పాడయింది. నా ఎడమకాలి బూటు. మనిషి ఒకడు: పేరు ఉరుకుందు, వయసు ఇరవై ఏడు, ఊరు ఎమ్మిగనూరు, పని డ్రైవరు. ఇవన్నీ సైన్యం లెక్క రాసుకుంది. ఆ తర్వాత ఎమ్మిగనూరులో పోయింది ఇంకొకటుంది, అతని మంచి పేరు. దాన్ని ఎవరూ రాసుకోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నాది ఆదోని. పదో తరగతి తప్పి సైన్యంలో చేరాను. లెక్కలు స్టోరు గదిలో, బియ్యం బస్తాల మధ్య, నాకు నేనే నేర్చుకున్నాను. ఇప్పుడు రిటైరై ఒక పత్తి మిల్లులో కాటా దగ్గర పనిచేస్తున్నాను. గోవాలో డ్యూటీ చేసి వచ్చానని తెలిస్తే చాలు, లారీల వాళ్లు పళ్లికిలిస్తారు.

"ఏమప్పా, సర్కారు సొమ్ముతో మందు, సముద్రం! బతుకంటే నీదే."

ముందు ఆ బతుకు ఎలాంటిదో చెబుతాను.

జూన్ మొదటి వారం, ఉదయం ఆరున్నరకు రైలు దిగాను. వాన. మా పోస్టు సముద్రంలోకి పొడుచుకొచ్చిన గుట్ట మీద, పోర్చుగీసువాళ్ల పాత కోట వెనకాల. ఒక రేడియో స్తంభం, రెండు రేకుల షెడ్లు, ఎనిమిది మంది మనుషులం. స్తంభానికి కాపలా మా పని. నాలుగు గంటలు డ్యూటీ, ఎనిమిది గంటలు విశ్రాంతి. ఆ విశ్రాంతిలోనే గడ్డి కోయాలి, నీళ్లు తేవాలి, తుపాకీ తుడవాలి. ఆ ఉప్పుగాలికి ఒక్కరోజు తుడవకపోతే తుప్పు. బట్టలు ఆరవు. బూట్లలో బూజు. పోస్టులో మద్యం నిషేధం. పద్నాలుగు నెలల్లో నేను ఇసుకలో కూర్చున్నది మూడుసార్లు.

కోట చూడటానికి జనం బస్సుల్లో వచ్చేవాళ్లు. నాలుగు వందల యాభై ఏళ్లు పరాయివాళ్లు ఏలిన నేల అది. ఆ సంగతి రాసిన బోర్డు ముందు ఫొటో దిగేవాళ్లే తప్ప బోర్డు చదివేవాళ్లు కనపడలేదు. పోతూపోతూ ఎర్రరాతి గోడల మీద తాళంచెవితో తమ పేర్లు, ప్రియురాళ్ల పేర్లు చెక్కేవాళ్లు. మేము వారిస్తే, "ఇదేమీ బార్డర్ కాదు కదా సార్" అని నవ్వేవాళ్లు.

మా ఎనిమిది మందిలో తెలుగు మాట్లాడేది ఇద్దరమే, నేనూ ఉరుకుందూ. అతని పేరు పలకలేక మిగతావాళ్లు కుందన్ అనేవాళ్లు. మా వంటవాడు బిహారు మనిషి. ఇదేం పేరని ఒకరోజు అడిగాడు.

"మా దేవుని పేరప్పా. మా బడిలో ఒక్క క్లాసులో ఐదుగురు ఉరుకుందులం. నేను మూడో నంబరు" అన్నాడు ఉరుకుందు.

వాళ్లది నేతపని ఇల్లు. అతను మాత్రం మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చోలేక స్టీరింగ్ పట్టుకున్నాడు. మందు వాసనే పడేది కాదు. సెలవు మీద పోయినవాళ్లు తాగి వస్తే వాళ్ల మంచం వరండాలోకి లాగించేవాడు. ఎగసిపడే అలల్ని చూసి నేను గుడ్లప్పగిస్తే అతను నవ్వేవాడు.

"తుంగభద్ర ఎల్లెల్సీ కాలవలో ఈదినోణ్ణి అన్నా నేను. ఆడ నీళ్లకి ఎదురు పోతే సస్తాం. నీళ్లతో పోతా పోతా పక్కకి జరగల్ల. ఈడా అంతే."

ఆ ఏడే సెప్టెంబరులో ఒక ఆదివారం. మూడు రోజులుగా వాన లేదు. సాయంత్రం ఐదూ నలభై. నేనూ ఉరుకుందూ నీళ్ల ట్యాంకరుతో కోట కింది రోడ్డులో ఉన్నాము. ఆ కింద రాళ్ల మధ్య చిన్న బీచి. లైఫ్‌గార్డులు ఉండరు. ఎర్రజెండా పాతి ఉంది. దిగరాదని బోర్డు ఉంది. సముద్రం వెనక్కి తీస్తున్న వేళ, నీళ్లు లోపలికి లాగుతున్నాయి. కేకలు వినిపించాయి. తెలుగులో.

"అన్నా! కాపాడండన్నా!"

నీళ్లలో మూడు తలకాయలు. ఒడ్డున ఖాళీ సీసాలు. నేను వాకీటాకీలో పైనున్న మా కమాండరును పిలిచాను.

"ఎంతమంది?"

"ముగ్గురు సార్. కుందన్ దిగుతానంటున్నాడు."



"దిగమను. నడుముకు తాడు కట్టు. లైఫ్‌గార్డులకు నేను ఫోన్ చేస్తున్నాను."

ఈ ఆర్డరు నా చెవులతో విన్నాను. టైము ఐదూ నలభై మూడు.

ఉరుకుందు చొక్కా విప్పి రాయి మీద పెట్టాడు. బూట్లు విప్పాడు. బండిలోని తాడు నేను అతని నడుముకు కట్టాను. అతను ఇరవై లీటర్ల ఖాళీ క్యాను తీసుకున్నాడు, తేలడానికి. నా సీసాలోంచి రెండు గుక్కలు మంచినీళ్లు తాగాడు.

"తాడు బిగ్గా పట్టుకో అన్నా. నువ్వు మాత్రం దిగొద్దు. నీకు బకెట్లో గూడా ఈత రాదు."

మొదటివాణ్ణి ఆరు నిమిషాల్లో తెచ్చాడు. వాడు చలికి వణికిపోతుంటే ఉరుకుందు చొక్కా నేనే తొడిగాను. రెండోవాణ్ణి తెచ్చేసరికి ఉరుకుందు మోకాళ్లు రాళ్లకు కొట్టుకుని రక్తం. కాసేపు కూర్చోమన్నాను. "కూచ్చుంటే వాడు పోతాడన్నా" అని మళ్లీ దిగాడు.

మూడోవాడు చాలా దూరం పోయాడు. తాడు చాల్లేదు. నేను నడుము లోతు వరకు దిగాను. బూటు పోయింది, వాకీటాకీ మూగపోయింది. అప్పటికీ చాల్లేదు. ఉరుకుందు వెనక్కి తిరిగి ఒకసారి చెయ్యెత్తాడు. తాడు నా చేతిలో వదులైంది. ముడి విప్పేసుకున్నాడని అర్థమైంది. క్యాను మూడోవాడి చంక కింద పెట్టి, అల వచ్చే అదను చూసి రెండు చేతులా తోశాడు. మూడోవాడు క్యానుతో సహా రాళ్ల దగ్గరికి కొట్టుకొచ్చాడు. వాణ్ణి పైకి లాగడానికి తాడు వదిలేశాను. తిరిగి చూస్తే నీళ్లలో ఎవరూ లేరు.

లైఫ్‌గార్డుల పడవ వచ్చి వెతకడం మొదలుపెట్టింది. అప్పుడు రోడ్డు మీద ఆ ముగ్గురి కారు స్టార్టయిన చప్పుడు వినపడింది. ఒంటి బూటుతో పరుగెత్తి కిటికీ పట్టుకున్నాను.

"యాడికి పోతాండారు? మనిషి దొరకలేదింకా!"

"లేటయిపోతోందన్నా" అన్నాడు స్టీరింగ్ దగ్గరున్నవాడు. కారు పోయింది.

మరుసటి ఉదయం జాలర్లకు ఉరుకుందు దొరికాడు. పోలీసులు ఆ ముగ్గుర్నీ హోటల్లో పట్టుకుని అడిగారు. వాళ్లు ఇచ్చిన వాంగ్మూలం ఇదీ: మేము నీళ్లలోకి దిగనే లేదు, ఆ సైనికుడు స్నానం చేస్తుంటే అల లాక్కుపోయింది. ముగ్గురూ ఒకటే మాట. ఎర్రజెండా దాటినందుకు జరిమానా పడుతుందని భయమో, ఇంట్లో తాగుడు బయటపడుతుందని భయమో. ఏ భయమైనా సరే, బతికించినవాడి మీద అంత అబద్ధం ఎలా ఆడగలిగారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

సైన్యం నా మాట, కమాండరు మాట నమ్మింది. మర్యాదలన్నీ చేసింది. పింఛను ఇచ్చింది. కానీ మన తెలుగు పత్రికలో వచ్చింది ఆ ముగ్గురి మాట. 'సముద్ర స్నానానికి దిగి జవాను మృతి.' ఆరు పంక్తులు. ఆ ఆరు పంక్తులు ఎమ్మిగనూరంతా చదివింది. జరిగింది రాసి సైన్యం ఇచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది, వాళ్ల ఇంటి బీరువాలో ఉంది.

గోవా డ్యూటీ ముగిసి తిరిగి వచ్చిన వారానికి ఆదోనిలో బస్సెక్కి ఎమ్మిగనూరు పోయాను. టీ హోటల్లో వాళ్ల ఇల్లు అడిగాను.

"ఓ, గోవాలో తాగి మునిగినోడా? ఆ సందులో మూడో ఇల్లు."

"తాగలేదు. ముగ్గుర్ని బయటికి తెచ్చినాడు. నేను పక్కనే ఉన్నా."

"సరేలేప్పా, గోవా గదా" అన్నాడు, టీ వడకడుతూ. బెంచీ మీద ఇద్దరు నవ్వారు.

ఉరుకుందు నాయన మగ్గం ఆపి అంతా విన్నాడు.

"నువ్వు సూసినావా?"

"చూసినా నాయనా. వాడు తాగింది మంచినీళ్లు. నా సీసాలోవే."

"నాకు సాలు" అన్నాడు. కాసేపు నూలు పోగు వేళ్ల మధ్య నలిపాడు. "ఊరికి ఎవురు సెప్పల్ల? నువ్వు సెప్తే దోస్తుగాడు, వీడూ తాగింటాడు అంటారు. బతికినోళ్లు వచ్చి సెప్పల్ల. వాళ్లు సెప్తేనే నా కొడుకు పేరు నిలబడేది."



కారు కిటికీ దగ్గర చూసింది ఒకటి నన్ను వదలదు. వెనక సీట్లో మొదటివాడు ఉన్నాడు, ఉరుకుందు చొక్కాలో. జేబు మీద పేరు కుట్టి ఉంది. నా చూపు అక్కడ పడగానే వాడు అరచెయ్యి అడ్డం పెట్టి ఆ పేరు మూసేశాడు.

వాళ్లు మన వైపువాళ్లే. తెలుగు చదవగలరు. ఎమ్మిగనూరు వచ్చి ఆ టీ హోటల్లో నిలబడి చెప్పాల్సింది ఒక్క మాట. ఈ రోజు వరకు ఒక్కరూ రాలేదు. రావలసినవాళ్లు ముగ్గురు.