సెల్లార్లో బోటు, పైన గోదావరి సార్

మా అమీర్‌పేట అపార్ట్‌మెంటులో ఒక నమ్మకం ఉంది. గోదావరి జిల్లాలో పుట్టినవాడు ఎవడైనా సరే నడక రాకముందే ఈత కొడతాడు, మాట రాకముందే పడవ నడుపుతాడు అని. ఈ నమ్మకానికి బలైపోయింది మా ఆయన.

నిజం చెబుతున్నాను, మా ఆయన పుట్టింది మెట్టలో. వాళ్ళ ఊరినుంచి గోదావరి చూడాలంటే రెండు బస్సులు మారాలి. ఆ నదితో ఆయనకున్న సంబంధమంతా రైలు కిటికీలోంచి రూపాయి బిళ్ళ విసిరి దణ్ణం పెట్టుకోవడం వరకే. ఈత రాదు. బాత్రూములో నీళ్ళు నిలిస్తేనే గుమ్మం దగ్గర ఆగిపోయి నన్ను కేకేస్తాడు. కానీ ఈ బిల్డింగుకి వచ్చిన కొత్తలో ఎవరో "గోదావరోళ్ళా సార్, అయితే పడవలు గిట్ల మస్తు తెలుస్తయి కదా" అంటే, కాదనలేక "మాకు అంతా నీళ్ళేగా" అనేశాడు. ఇక చూస్కోండి. అప్పట్నుంచి ఆయన గోదావరి సార్. ఆయన కూడా ఆ పేరుని కింద పెట్టకుండా మోశాడు. పులస చేప మీద ఉపన్యాసాలు, వరదల మీద ఉపన్యాసాలు. నేను వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుకునేదాన్ని.

మా పక్క ఫ్లాటులో ఉండే అబ్బాయిని నేను తమ్ముడూ అంటాను. కృష్ణానగర్‌లో షూటింగులకి సామాను అద్దెకిచ్చేవాళ్ళ దగ్గర పనిచేసేవాడు. ఏళ్ళ తరబడి వేరేవాళ్ళ సోఫాలూ మంచాలూ మోసీ మోసీ, చివరికి సొంతంగా ఒక చిన్న మోటారు బోటు కొన్నాడు. ఫైబరుది, నలుగురు కూర్చునేది. సాగర్ దగ్గర ఎవరో అమ్మితే కొన్నాడట. "అక్కా, ఇగ నేను సుత ఓనర్నే" అని పేడాలు పట్టుకొచ్చాడు ఆ రోజు. తనకి కారు లేదు కాబట్టి, బోటుని దాని చక్రాల బండితో సహా తెచ్చి సెల్లార్లో తన కారు స్థలంలో పెట్టాడు. అసోసియేషన్ ప్రెసిడెంటు గారు కస్సుమన్నారు. "అమీర్‌పేటల పడవేందయ్యా? ఏడ నడుపుతవ్, మెట్రో కిందనా?"

ఇంకా ఆ గొడవ తేలకుండానే వాన పట్టుకుంది. రాత్రంతా కురిసింది. పొద్దున్న చూస్తే సెల్లార్లో ఛాతీ లోతు నీళ్ళు. ప్రెసిడెంటు గారి కొత్త కారు అద్దాల దాకా మునిగింది. స్కూటర్ల జాడే లేదు. బోటు ఒక్కటే బండి మీంచి లేచి, ఇది ఎవరి పార్కింగు అన్న పట్టింపు లేకుండా సెల్లారంతా తిరుగుతోంది.

నాకు నవ్వాగలేదు. తమ్ముడి మొహం చూశాక ఆగింది. మర్నాడు పొద్దున్నే షూటింగు, బోటుకి అదే మొదటి బేరం. మొదటి బేరానికే చెయ్యిస్తే సినిమావాళ్ళు మళ్ళీ ఫోను కూడా ఎత్తరట. ఇటు చూస్తే బిల్డింగంతా నీళ్ళు తోడే మోటారు పెట్టమని గోల. నీళ్ళు తగ్గితే బోటు వెళ్ళి ఏదో కారు మీద కూర్చుంటుంది, అడుగు పగులుతుంది. చక్రాల బండేమో నీళ్ళ కింద కార్ల మధ్య ఇరుక్కుపోయింది, అది లేకుండా ర్యాంపు మీంచి ఈడ్చుకొద్దామంటే ర్యాంపు నిండా గాట్లు, ఫైబరంతా చెక్కుకుపోతుంది. ఇక మిగిలింది ఒక్కటే. ర్యాంపు మొదట్లో పైకప్పు లేని చోటికి బోటుని తోసుకొచ్చి, గోడ అవతలి సందులోంచి క్రేనుతో పైకి లేపడం.

"లేపుడు గురించి ఫికర్ ఎందుకు, గోదావరి సార్ ఉన్నడు కదా!" అన్నారు ప్రెసిడెంటు గారు. "మనకు ఆటో ఎట్లనో, వాళ్ళకు పడవ అట్ల."

అందరూ మా ఆయన వైపు తిరిగారు. నేనూ తిరిగాను, కళ్ళతోనే వద్దన్నాను. ఆయన నా కళ్ళు చూడనట్టు నటించి, లుంగీ పైకి కట్టి, "పదండి చూద్దాం" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

పంజాగుట్ట నుంచి క్రేను వచ్చింది, చెడిపోయిన కార్లని లాక్కెళ్ళే రకం. దాని డ్రైవరు "ఏడ కట్టాలె సార్?" అని తిన్నగా మా ఆయన్నే అడిగాడు. ఎదురుగా లేడీస్ హాస్టల్ బాల్కనీలు నిండిపోయి ఉన్నాయి, ప్రతి పిల్ల చేతిలో ఫోను. మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "ముందొకటి, వెనకొకటి రింగులున్నాయి కదా, వాటికే తగిలించండి. అవి ఉండేదే అందుకు."

ఆ రింగులు ఒడ్డున బోటుని కట్టేసుకోవడానికని, బరువు మోయడానికి కాదని తర్వాత తెలిసింది లెండి.

తమ్ముడు నీళ్ళలో దిగి బోటుని ర్యాంపు దగ్గరికి తోసుకొచ్చి, రింగులకి కొక్కేలు తగిలించాడు. క్రేను లేపింది. రాత్రంతా సెల్లారు పైకప్పులోంచి కారిన వాననీళ్ళు బోటు లోపలే ఉన్నాయన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. అవన్నీ ఒక్కసారి వెనక్కి పోయాయి. ఇంజను బరువూ అటే. వెనక భాగం వాలిపోయి, ముక్కు పైకి లేచింది. బాల్కనీల్లోంచి ఈలలు. "అట్లనే, అట్లనే, ఇంక లేపు!" అని ప్రెసిడెంటు గారు. తమ్ముడు, పిచ్చి సన్నాసి, ఆ బరువుని చేతులతో ఆపుదామని బోటు కిందకి దూరాడు. అప్పుడే రింగు దగ్గర ఫైబరు కిర్రుమంది.

నేను మా ఆయన్ని చూశాను. చేతులు రెండూ ఊపుతూ ముందుకి ఉరికాడు.

"ఆపండి! దించండి! ఒరేయ్, నువ్వు ముందు బయటికి రా!" అని అరిచాడు.

డ్రైవరు ఆపాడు గానీ దించలేదు. "ఏమైంది సార్? మీరే కదా చెప్పిండ్రు?"

"నాకు తెలీదయ్యా బాబూ! నాకేమీ తెలీదు! పుట్టి బుద్ధెరిగి నేను పడవెక్కలేదు! నాకు ఈత కూడా రాదు!"

బాల్కనీల్లో హాస్టలు పిల్లలు ఈలలు ఆపి ఫోన్లు దించేశారు. ఒకతి దించలేదు, ఆ వీడియో ఇప్పటికీ నా దగ్గరుంది.

తమ్ముడు ఇవతలికొచ్చాడు, బోటు మెల్లగా నీళ్ళ మీదకి దిగింది. రింగు చుట్టూ వెంట్రుకంత చీలిక, అంతే. ఇంకో జానెడు లేపి ఉంటే ఊడి వచ్చేది.

"మరి ఇన్నేండ్ల సంది..." అని ప్రెసిడెంటు గారు మొదలెట్టబోయారు.

"మీకు తెలుసాండీ, ఎలా లేపాలో?" అన్నాను.

"నాకెట్ల తెలుస్తదమ్మా?"

"మరి ఇంక లేపు, ఇంక లేపు అని అరిచింది ఎవరు?"

ఆయన ఫోను తీసి చూసుకోవడం మొదలెట్టారు.

"తమ్ముడూ, నీకు అమ్మినతనికి ఒక్క ఫోను చేశావా?" అని అడిగాను.

"లేదక్కా. సార్ ఉండంగ ఎందుకని..."

స్పీకరు పెట్టి చేశాం. అవతలి మనిషి అంతా విని, ముందు మమ్మల్నందర్నీ కలిపి తిట్టాడు, తర్వాత చెప్పాడు. లోపలి నీళ్ళు తోడెయ్యాలి. పెట్రోలు డబ్బా, బ్యాటరీ తీసెయ్యాలి. ఇంజను పైకి మడవాలి. పొట్ట కిందనుంచి వెడల్పాటి బెల్టులు రెండు వెయ్యాలి, ఒకటి ముందు వైపు, ఒకటి ఇంజనుకి దగ్గరగా. ఊగకుండా రెండు చివర్లా తాళ్ళు కట్టి దూరంగా నిలబడి పట్టుకోవాలి. కొంచెం లేపి ఆగి చూడాలి, వాలితే దించి బెల్టు సర్దుకోవాలి. "దాని కింద మాత్రం పిట్ట సుత ఉండొద్దు" అన్నాడు.

బెల్టులు క్రేనులోనే ఉన్నాయండీ! సీటు వెనక. ఇదేంటయ్యా అంటే, "సార్ రింగులన్నడు కదమ్మా" అన్నాడు డ్రైవరు. బెల్టు ఒరుసుకునే చోట వెయ్యడానికి నేను పాత బొంతలు తెచ్చాను. బకెట్లూ మగ్గులూ అన్ని ఫ్లాట్లనుంచీ దిగాయి. నీళ్ళు తోడటంలో మా వాళ్ళని కొట్టేవాళ్ళు లేరు, ఎండాకాలం ట్యాంకరు వచ్చినప్పుడు చూడాలి.

ఒక తాడు తమ్ముడు పట్టుకున్నాడు, రెండోది మా ఆయన. మొదటిసారి లేపితే మళ్ళీ వెనక్కే వాలింది. దించి, వెనక బెల్టుని ఇంకాస్త జరిపారు. ఈసారి బల్లపరుపుగా లేచింది. నీళ్ళు కారుస్తూ గోడ దాటి, కరెంటు తీగలకి దూరంగా తిరిగి, సందులో పేర్చిన పాత టైర్ల మీద దిగింది. తమ్ముడు బోటు అడుగంతా చేత్తో తడిమి చూసుకుని, ఆ తడి నేల మీదే కూలబడి ఏడ్చేశాడు. రింగు దగ్గర చీలికకి కృష్ణానగర్ నుంచి వాళ్ళ దోస్తు వచ్చి పూత వేసి వెళ్ళాడు.

మా ఆయన మాత్రం నేరుగా పైకొచ్చి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"పరువు పోయింది. ఇల్లు మారిపోదాం" అన్నాడు.

"మీ మీద ఇంత ఇష్టం నాకు పెళ్ళిపీటల మీద కూడా కలగలేదండీ" అన్నాను. మనసులోంచే అన్నాను. ఆయన నమ్మలేదు, వేళాకోళం అనుకున్నాడు. ఇన్నాళ్ళూ నేను పెట్టిన అలవాటు అలాంటిది మరి.

సాయంత్రం తలుపు చప్పుడైంది. తమ్ముడు. "సార్, లారీ వచ్చింది. బోటు ఎక్కియ్యాలె. జర కిందికి రాండ్రి."

మా ఆయన ఇటు తిరగకుండానే, "నాకేమీ తెలీదని అందరి ముందూ చెప్పాను కదయ్యా" అన్నాడు.

"అందుకే వచ్చిన సార్. తెల్సు అనెటోళ్ళు కింద మస్తు మంది ఉన్నరు. నాకు భయమైతుంది."

మా ఆయన లేచి చొక్కా వేసుకున్నాడు.