తోట తిరిగిచ్చేసిన నాయిక

మొన్న తిరుపతి బస్టాండు దగ్గరి పుస్తకాల అంగట్లో మా తరమంతా నెత్తిన పెట్టుకున్న రచయిత కొత్త నవల కనబడితే, ఈ వయసులోనూ చిన్నపిల్లలా సంబరపడి కొనుక్కుని, చిత్తూరు బస్సులో కూర్చుని చదవడం మొదలుపెట్టాను. పూతలపట్టు దాటేసరికి ఆగలేక చివరి పేజీలకు వెళ్ళిపోయాను. ఛీ, ఇది ఆయన రాసిందేనా అని అట్ట తిప్పి పేరు మళ్ళీ చూసుకున్నాను.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో నవలంటే వారం వారం పత్రికలో వచ్చే సీరియలే. చింతపండు కాలంలో గింజలు తీయడానికి వీధిలోని ఆడవాళ్ళంతా మా వసారాలో చేరితే, చదువుకుంటున్న పిల్లనని నాకు ఆ పని తప్పించి, సీరియల్ గట్టిగా చదివి వినిపించే పని అప్పగించేవారు. ఆయన మొదటి నవలలో మొగుడు పోయిన ఒక పడుచు, బొట్టు తుడుచుకోనని మొండికేసి, మరిది కాజేయబోయిన మామిడితోటను తానే చేసుకుంటుంది. మా చిన్నమ్మ కూడా, పెళ్ళైన కొన్నాళ్ళకే మొగుడు పోయి, మా ఇంట్లో ఓ మూలన పడి ఉండేది. ఆఖరి భాగం చదివిన మర్నాడు ఆమె నొసట బొట్టు పెట్టుకుని వచ్చి మా అమ్మ ముందు నిలబడింది. నాయన చాన్నాళ్ళు ఆమెతో మాట్లాడలేదు, వీధిలో అనని మాట లేదు. ఆమె మాత్రం దేన్నీ లెక్కచేయక అత్తవారి తోటలో తన వంతు రాబట్టుకుని, మండీలో మగవాళ్ళ మధ్య నిలబడి కాయలు అమ్మింది.

ఆయన రెండో నవల, అన్నదమ్ముల మీద కోర్టుకెక్కిన ఆడమనిషి కథ, అంత బాగుండదు, మధ్యలో వకీళ్ళ గోల ఎక్కువ. అయినా అందులోని మనుషులు మనలాగే తిట్టుకునేవారు, మనలాగే సంగటి తినేవారు. మరి ఈ కొత్తదో? ఆ మొదటి నవల నాయికనే ముసలిదాన్ని చేసి పట్టుకొచ్చి, తాను చేసిందంతా ఒట్టి పొగరని ఏడిపించి, తోటను మరిది కొడుకులకు రాయించి, బొట్టు తుడిపించి, వంశ గౌరవం నిలబెట్టిందని ముగించాడు మహానుభావుడు! భాష చూస్తే టీవీ అత్తగార్ల భాష. ఎవరి చేత శాలువా కప్పించుకోవడానికి రాశాడో గాని, నాకు పట్టరాని రోత పుట్టింది.

ఇంటికి చేరగానే, ఇప్పుడు నా దగ్గరే ఉంటున్న, చూపు ఆనని చిన్నమ్మ, అది ఆయన పుస్తకమని తెలిసి చదవమని పట్టుబట్టింది. ముగింపు మార్చి చదువుదామనుకున్నాను గాని, ఆమె ముఖం చూస్తూ అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. నాలుగు రోజులు కూర్చుని ఉన్నదున్నట్టే చదివాను. అంతా విని అన్నది:

“ఆయప్పకేం మే, రాసిందాన్ని కొట్టేసుకున్నాడు. నేను బతికిందాన్ని యాడ కొట్టేసేది?”

పుస్తకం మూసి పక్కన పెట్టేశాను. ఇప్పటివాళ్ళు పుస్తకం చదివి, ఫోనులో నాలుగు మాటలు పెట్టేసి మరిచిపోతారు, అదే మేలేమో. మేమైతే ఆయన రాసిన మాటను నమ్మి బతుకులే మార్చుకున్నాము. రాసినాయన దాన్ని నమ్మాడో లేదో అడగాలని మాత్రం ఆ వసారాలో ఎవరికీ తోచలేదు.