బొట్టు పెట్టిన టైర్లు

మా నాయన ఎద్దు నోరు తెరిచి దాని వయసు చెప్పేవాడు. పెదవి పైకెత్తి, పళ్ల మీద బొటనవేలు ఆనించి, "నాలుగు పండ్లంటావేమప్పా, దీని నోరు నిండి ఎన్నేండ్లయిందో!" అనేవాడు. అమ్మేవాడు ముఖం పక్కకు తిప్పుకునేవాడు. వరసగా వానలు ఎగ్గొట్టి సంతలో ఎద్దుల బేరం పడిపోయాక, ఆయన ఒక పాత జీపు కొని కదిరి, తనకల్లు మధ్య జనాన్ని తిప్పడం మొదలుపెట్టాడు. ఎద్దుల గురించి అంత తెలిసిన మనిషికి టైర్ల గురించి ఏమీ తెలియదు. టైరు నల్లగా, గుండ్రంగా ఉంటే చాలు.

2005 ఎండాకాలంలో జీపు ముందు టైరు ఒకటి తనకల్లు దారిలో పేలింది. గాట్లు లోతుగా ఉన్న టైరే. చూసిన వాళ్లెవరూ పాతదనుకోరు. పదిహేడు మందితో బండి రోడ్డు దిగి, దున్ని పెట్టిన చేలోకి దూసుకుపోయి ఆగింది. ఎవరూ చావలేదు. ముందు సీట్లో కూర్చున్న ఒక ముసలామెకు మాత్రం చెయ్యి విరిగింది. ఆమె కట్టు విప్పేదాకా నాయన వారం వారం వాళ్ల ఇంటికి వెళ్లి చూసి వచ్చాడు. అంతకుముందు దారి పొడవునా కబుర్లు చెప్పే మనిషి, ఆ తర్వాత స్టీరింగు పట్టుకుంటే నోరు విప్పడం మానేశాడు. ఒకరోజు నాతో, "ఇంగొకసారి ఇట్లయితే బండి అమ్మేసి కూలికి పోతా పాపా. మనుషుల్ని సంపుకునే పని నాకొద్దు" అన్నాడు. నాకు నిజంగా భయం వేసింది.

నేనప్పుడు అనంతపురంలో బి.ఎడ్. చదువుతున్నాను. అక్కడ ఒకరోజు మిరపకాయ బజ్జీలు చుట్టిచ్చిన పేపరు ముక్కలో మా టైరు ఎందుకు పేలిందో దొరికింది. టైరును వాడినా వాడకపోయినా రబ్బరు ముసలిదవుతుందట. దాని పుట్టిన తేదీ దాని పక్కభాగం మీదే అచ్చు వేసి ఉంటుందట, నాలుగు అంకెలు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. బజ్జీలు చల్లారిపోయాయి. నేను ఆ నూనె మరకల కాగితాన్ని మడిచి నోట్సులో పెట్టుకున్నాను.

ఇక నా ఆగడాలకు హద్దు లేకుండా పోయింది. సెలవులకు ఇంటికొచ్చినప్పుడల్లా కదిరి బస్టాండులో చున్నీ నడుముకు బిగించి, ప్రతి బండి పక్కనా గొంతుక్కూర్చుని అంకెలు చదివేదాన్ని. కొత్తగా పెళ్లయిన ఒక వ్యాను యజమానిని పిలిచి, "అన్నా, నీ ఎనక టైరు మా వదిన కంటే ముందే నీ దగ్గరికొచ్చిందే!" అన్నాను. పక్కనున్న ఆయన భార్య నవ్వింది, ఆయన నవ్వలేదు. ఆటోవాళ్లు నన్ను చూస్తే బండి స్టార్టు చేసి కాస్త ముందుకు పోయి ఆపుకునేవాళ్లు. చదువుకున్న పిల్లకు ఇదేం పిచ్చి అని మా అమ్మ నెత్తి కొట్టుకునేది.

మరుసటి ఎండాకాలం, ముందు చక్రాలకు రెండు కొత్త టైర్లు కొందామని నాయన బయలుదేరితే నేనూ వెంట పడ్డాను. కదిరిలో టైర్ల అంగడి పెట్టినాయన నాయనకు సంతనాటి స్నేహితుడు. ఇద్దరూ కలిసి ఎద్దుల బేరాలు చేసినవాళ్లు. ఆయన నాయనను అన్నా అంటాడు కాబట్టి నాకు చిన్నాయన.

"రాన్నా, రా! నీ కోసమే రెండు తీసి పెట్టినా. మొన్ననే లారీ దిగినాయి" అంటూ చిన్నాయన రెండు టైర్లు దొర్లించుకొచ్చాడు. నేను అంకెల కోసం వంగాను. సరిగ్గా అవి ఉండాల్సిన చోట మూడు విభూతి గీతలు, వాటి మీద రూపాయంత కుంకుమ బొట్టు! రెండో టైరుకూ అంతే.

"చిన్నాయనా, ఈ బొట్టు ఎప్పుడు పెట్టినావు?"

"ఆయుధపూజకు పాపా. అంగట్లో ఉండే సరుకంతటికీ పెడ్తాం గదా."

నాకు లోపల గంతులేయాలనిపించింది. ఇది మే నెల. ఆయుధపూజ జరిగి ఏడు నెలలు. మొన్న లారీ దిగిన టైరుకు అప్పటి బొట్టు ఎట్లా వచ్చింది? అంకెలు గోడవైపుకు దాచిపెడితే కొనేవాడు టైరును తిప్పి చూస్తాడు. దేవుని బొట్టును మాత్రం మా సీమలో ఎవడు చెరుపుతాడు? నేను చున్నీ కొస పట్టుకుని తుడవబోతే నాయనే నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏం పాపా, పూజ చేసిందాన్ని తుడుస్తారా? బుద్ధుండాదా నీకు?"

అప్పుడే టీ వచ్చింది. నేను గ్లాసు అందుకుని, మర్యాదగా ఒక గుక్క తాగి, "అయ్యో!" అన్నాను. గ్లాసెడు టీ బొట్టు మీద పడింది. ఇంత చక్కగా చెయ్యి జారడానికి ఎంత సాధన కావాలో నాకే తెలుసు. విభూతి కరిగింది, కుంకుమ ఎర్రగా కారింది, అంకెలు బయటపడ్డాయి. 2301.

"2001లో ఇరవై మూడో వారం" అని పైకే చదివాను. "నాయనా, ఈ టైరు ఒగటి కాదు, అయిదు ఆయుధపూజలు సూసింది."

"అది కంపెనీవాళ్ల అచ్చు నంబరు పాపా. దానికీ వయసుకూ ఏం సమ్మందం?" అన్నాడు చిన్నాయన. కానీ ఆయన నా వైపు కాదు, నాయన వైపు చూస్తున్నాడు.

నాయన అంకెల్ని చూడలేదు. కారుతున్న కుంకుమను చూశాడు. తర్వాత కూర్చుని, బొటనవేలు తడి చేసుకుని రెండో టైరు బొట్టును తనే తుడిచాడు. అదే నంబరు. ఆయన కిసుక్కున నవ్వడం మొదలుపెట్టి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

ఎందుకో నాకు తెలుసు. ఎద్దు నొసట చెడ్డ సుడి ఉంటే కొనేవాళ్లు వెనక్కి పోతారు. అలాంటి ఎద్దును సంతకు తోలే రోజు నాయన సుడి మీద ఇంత కుంకుమ అద్దేవాడు. పూజ చేసిన ఎద్దు బొట్టును ఎవరూ చెరిపి చూడరు. కుంకుమ భరిణ పట్టుకుని పక్కన నిలబడింది చిన్నప్పుడు నేనే. తాడు పట్టుకుంది ఈ చిన్నాయనే.

నాయన నవ్వు ఆపి లేచాడు. "సరేప్పా. ఈ రెండే ఎక్కించు. నేను నిన్ను నమ్మినా. కానీ ఎక్కించినాంక నువ్వూ, మా మరదలూ ముందు సీట్లో కూర్సోవల్ల. తనకల్లుకు పోయి వద్దాం."

చిన్నాయన మెడలోని తుండుతో ముఖం తుడుచుకున్నాడు. లోపలికి పోయి వేరే రెండు టైర్లు తెచ్చాడు. వాటికి బొట్టు లేదు. 1006 అని నేను చదివితే, ఆ సంవత్సరం మార్చిలో పుట్టినవని నాయన వేళ్లు మడిచి లెక్కేసుకున్నాడు. గంటలో బిగించడం అయిపోయింది. నేను జీపెక్కి, గెలిచిన ధీమాతో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను.

ఊరు దాటాక నాయన మళ్లీ మాట్లాడడం మొదలుపెట్టాడు. చిన్నాయన ముఖం ఎలా మాడిపోయిందో చెప్పి స్టీరింగు మీద చరిచాడు. ఏడాది తర్వాత ఆయన నోట కబుర్లు విని నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. అంతలో ఆయన మాట మధ్యలో ఆగిపోయాడు. బండి పక్కకు తీసి ఆపాడు.

"ఆ రెండు టైర్లూ ఏమయితాయి పాపా?"

"ఎవురో ఒగరు కొంటారు నాయనా."

నాయన జీపును వెనక్కి తిప్పాడు.

మమ్మల్ని చూసి చిన్నాయన కంగారుగా బయటికొచ్చాడు. "ఏమన్నా, గాలి దిగిందా?"

"లేదప్పా. ఆ టైర్లు ఈడికి తే. కత్తి కూడా తే."

"అన్నా! అది దుడ్లు పెట్టి తెచ్చిన సరుకన్నా!"

"తెలుసప్పా. బొట్టు పెట్టేది నీకు నేర్పించినోడు ఎవురు? నేనే గదా. ఆ ఎద్దులు ఎవురి పానం తియ్యలేదు. దీంట్లో పోయేది పదిహేడు మంది. కత్తి తే."

చిన్నాయన ఆ రెండు టైర్లనూ ఒక్కొక్కటే దొర్లించుకొచ్చి నాయన ముందు పడేశాడు. తర్వాత కత్తి తెచ్చి ఇచ్చాడు. నాయన టైరు పక్కలో పొడిచి గుంజాడు. రబ్బరు అంత సులువుగా తెగలేదు. రెండోసారి పొడిచినప్పుడు చిన్నాయనే వచ్చి టైరును కదలకుండా పట్టుకున్నాడు. రెండు టైర్లూ కోసేసరికి నాయన చొక్కా తడిసిపోయింది.

చిన్నాయన తల దించుకునే ఉన్నాడు. "లోపల ఇంగా నాలుగుండాయన్నా" అన్నాడు.

నాయన కత్తి కింద పెట్టలేదు.

"తే" అన్నాడు.